వెనక గదిలో ఎవరూ లేరు

గోడ గీకుతున్న పెయింటరు చెయ్యి ఆపి నన్ను కేకేశాడు.

"సారు, ఈడ ఎర్రగీత ఎల్లింది. గీకెయ్యాల్నా, ఉంచాల్నా?"

వెళ్ళి చూశాను. ముందు గదిలో కిటికీ కింద, నా తొడల ఎత్తున, జానెడు పొడవున ఎర్రరంగు గీత. దాన్ని కప్పడానికి నేను దగ్గరుండి వేయించిన రెండు పూతల తెల్లరంగు పొట్టు పొట్టుగా రాలి నేల మీద పడి ఉంది. గీత పక్కన చిన్న బాణం గుర్తు, దాని కింద 'తొడ' అన్న మాట. ఆ చేతిరాత ఎవరిదో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. హన్మకొండలో వాననీటి నాలా పక్కన ఇల్లు కట్టుకున్న వాళ్ళలో దాన్ని గుర్తుపట్టని వాళ్ళు తక్కువ.

"గీత సారుది గదా ఇది," అన్నాడు పెయింటరు. "పాపం, ఆయన పోయిండట గద. పోయిన నెలల్నే. గుండె ఆగిందట. మా బస్తీల అనుకుంటాన్రు."

నాకు తెలియదు. మా కాలనీ వాట్సాప్ గ్రూపులో తెల్లారితే చాలు పువ్వుల బొమ్మలూ, శుభోదయాలూ, ఎవరి మనవరాలికో వచ్చిన ర్యాంకూ కుప్పలుగా పడతాయి. ఆయన పోయాడన్న ముక్క ఒక్కరూ పెట్టలేదు. నలుగురినీ కడిగేద్దామని ఫోను తీశాను. ఆ గ్రూపుకు అడ్మిన్ను నేనేనని గుర్తొచ్చి మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

కోపంతో రాస్తున్నాను, ముందే చెబుతున్నాను. మర్యాదగా రాయడం నాకు బాగానే వచ్చు. ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పి హెడ్మాస్టరుగా రిటైరైన వాణ్ణి. ఆ మర్యాదైన తెలుగుతోనే ఈ మనిషి మెడ మీద కత్తి పెట్టాను. ఆ సంగతి చెప్పేదాకా నాకు నిద్ర పట్టేట్టు లేదు.

ఆయనది విపత్తుల విభాగం. పేరు వింటే పెద్ద భవనం, సైరన్లు, జీపులు ఉంటాయనుకుంటాం. కార్పొరేషన్ ఆఫీసులో మెట్ల కింద ఒక బల్ల, నాలుగు చుట్టల తాడు, గాలి నింపే పడవలు రెండు, సగం పనిచేసే మైకు, అంతే విభాగం. దానికి ఆయన ఇన్‌చార్జి, అదీ కాంట్రాక్టు మీద. సన్నటి మనిషి. ఏ కాలమైనా ప్యాంటు పిక్కల దాకా మడిచే ఉండేది. మెడలో ఒకే దారానికి విజిలూ గుర్తింపు కార్డూ రెండూ వేలాడేవి. కార్డు ఎప్పుడూ వెనక్కి తిరిగి ఉండేది, విజిలు మాత్రం ముందుకే ఉండేది.

మన ఇంటికి వస్తే మన ముఖం చూసేవాడు కాదు. ముందు గడప చూసేవాడు, తర్వాత కరెంటు బోర్డు ఎంత ఎత్తులో ఉందో చూసేవాడు, తర్వాత మెట్లు ఎటున్నాయో చూసేవాడు. అన్నీ అయ్యాక "నమస్తే సార్" అనేవాడు. పెళ్ళికి పిలిస్తే కూడా అంతే. మా కాలనీ సెక్రటరీ కూతురి పెళ్ళిలో అందరూ భోజనాల వరసలో ఉంటే ఈయన ఫంక్షన్ హాలు వెనకవైపు తలుపు దగ్గర హాలు ఓనరుతో తగువు పెట్టుకున్నాడు. తలుపుకు లోపల గడియ, దానికి తాళం.

"దొంగలు జొరబడ్తరని ఏసినమయ్యా," అన్నాడు ఓనరు.

"దొంగ జొరబడ్తె గిన్నెలు పోతయి. లోపట మంట లేస్తె ఇంతమంది ఏడికెళ్ళి పోవాలె? తియ్యి జర."

"పెండ్లినాడు మంటలు గింటలు ఏందయ్యా, నీ నోరు పడిపోను!"

తాళం తీసేదాకా ఆయన అక్కణ్ణుంచి కదల్లేదు. అది తీశాకే ప్లేటు పట్టుకున్నాడు. ఆ తలుపు పక్కనే నిలబడి తిన్నాడు. మేమంతా నవ్వుకున్నాం. నేను కొంచెం గట్టిగానే నవ్వాను.

ఫీట్లూ మీటర్లూ ఆయనకు గిట్టేవి కావు. వాన వెలిసి నీళ్ళు తీసిన మర్నాటి నుంచే రంగు డబ్బా, కుంచె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో అంత ఎత్తున గోడ మీద ఎర్రగీత గీసి పక్కన ఒక మాట రాసేవాడు. మడమ, పిక్క, మోకాలు, తొడ, బొడ్డు. ఒకటి రెండు ఇళ్ళల్లో 'మెడ' అని కూడా ఉండేది. అదేం పద్ధతయ్యా అంటే, "మూడు ఫీట్లు అంటె ఎవలికి తెలుస్తది సార్? మోకాలు దాక అంటె ముసలమ్మ గూడ లేసి నిలవడ్తది," అనేవాడు.

ఆ గీతలంటే మాకు ఒళ్ళుమంట. గోడ మీద 'తొడ' అని ఉన్న ఇంటికి కిరాయికి ఎవడొస్తాడు? అమ్ముదామంటే ఎవడు కొంటాడు? కాలనీ సంఘం మీటింగులో ఒక తీర్మానం చేశాం: ఎవరింటి గీత వాళ్ళు చెరిపేసుకోవాలని. తీర్మానం రాసిందీ, అధ్యక్షుడిగా సంతకం పెట్టిందీ నేనే. మా గోడ మీద మిగతా వాళ్ళకన్నా ముందు తెల్లరంగు పడింది.

గీతలకన్నా మాకు మంట పుట్టించేది ఆయన ప్రశ్న. ఎండాకాలంలో, రోడ్డు మీద కుక్క కూడా తిరగని వేళ, గేటు తట్టి గడపా బోర్డూ చూసుకుని, నమస్తే తర్వాత ఆయన అడిగే మొదటి మాట ఎప్పుడూ ఒక్కటే.

"మీ ఇంట్ల నడువరానోళ్ళు ఎవరన్న ఉన్నరా?"

ఏ ఇల్లాలైనా ఏమంటుంది? మా ఎదురింటి ఆవిడ "నీ నోట్ల మన్నువడ, గిదేం శకునం పలుకుతానవ్!" అని తలుపు దబీమని వేసింది. మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. మూడో నాడు ఆవిడే పిలిచి, లోపల అత్తగారు తుంటి ఎముక విరిగి పడి ఉందని చెప్పింది. అప్పుడు చొక్కా జేబులోంచి పాలిథిన్ కవరు చుట్టిన చిన్న పుస్తకం తీసి పెన్సిలుతో రాసుకున్నాడు. పెన్నుతో రాస్తే తడిస్తే పోతుందట. రాసుకున్నాక ప్రతి గుమ్మంలోనూ ఒక మాట చెప్పి వెళ్ళేవాడు. "ఈ పుస్తకం నా జేబు దాటదమ్మా. ఫికర్ జెయ్యకుండ్రి."

ఆ మాట ఎందుకు చెప్పాల్సి వచ్చేదో మా వైపు ఉన్నవాళ్ళకు వివరించక్కర్లేదు. కాగితం పట్టుకుని ఆఫీసు మనిషి వచ్చాడంటే రేషన్ కార్డు కొట్టేయడానికో, పింఛను ఆపడానికో వచ్చాడనుకుంటాం. అందుకని ఉన్నవాళ్ళను లేరంటాం, లేనివాళ్ళను ఉన్నారంటాం. ఇక నాలా వెంట ఉన్న మా ఇళ్ళ సంగతి వేరు. వాన నీళ్ళు పోయే ఆ నాలాను మేమందరం తలా కొంచెం మింగాం. నేను రెండు గజాలు మింగి దాని మీద వెనక గది కట్టి, పైన రేకులు వేసి, కిరాయికి ఇచ్చాను. ఆ గది కాగితాల్లో ఎక్కడా లేదు.

అందులో ఒక ముసలి నేతగాడూ ఆయన భార్యా ఉండేవాళ్ళు. జన్మంతా గుంత మగ్గంలో కూర్చుని నేసిన మనిషి. పక్షవాతం వచ్చి నడుం కింద చచ్చుబడిపోయింది. ఆమె పొద్దున్నే ఒక హాస్టల్లో వంటకు పోయేది. ఆయన మంచం మీద పడుకుని, ఏదైనా కావలిస్తే చేతికర్రతో నెత్తి మీది రేకును కొట్టేవాడు. ఆ చప్పుడు విని మా ఇంటావిడ మంచినీళ్ళో చాయో ఇచ్చి వచ్చేది.

ఒక ఏడాది ఎండాకాలంలో గీత సారు మా గేటు తట్టాడు.

"మీ ఇంట్ల నడువరానోళ్ళు ఎవరన్న ఉన్నరా సార్?"

"ఎవరూ లేరయ్యా. నేనూ మా ఆవిడే. ఇద్దరం బాగానే నడుస్తున్నాం."

"వెనుక గది కనవడ్తాంది?"

"సామాను గది. పాత బీరువా, పుస్తకాలు. వెనక గదిలో ఎవరూ లేరు."

ఆయన నా ముఖం చూడలేదు. పెరట్లోకి చూశాడు. అటే చూస్తూ అడిగాడు.

"ఇంట్ల చంటిపిల్లలు గిట్ల ఉన్నరా సార్? మనవలు, మనవరాండ్లు?"

"లేరన్నాను కదా."

"మంచిది సార్," అని పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. చంటిపిల్లల సంగతి ఎందుకడిగాడో నేను ఆలోచించనైనా లేదు. బతికిపోయాను అనుకున్నాను.

ఆ వానాకాలం నీళ్ళు వచ్చాయి. తెల్లారి చూసేసరికి గల్లీ కనిపించలేదు. ఏడు గంటలకల్లా మా ముందు గదిలో తొడ లోతు. వెనక గది ఇంకో రెండు మెట్లు కింద. నేనూ మా ఇంటావిడా మేడ మెట్ల మీద నిలబడ్డాం. ముసలాయన భార్య ఎప్పట్లాగే చీకటితోనే హాస్టల్‌కు పోయింది, రోడ్డు మునిగి అటే చిక్కుకుంది. వెనక నుంచి రేకు మీద కర్ర చప్పుడు వినిపిస్తోంది. టక, టక, టక. కాసేపు ఆగేది, మళ్ళీ మొదలయ్యేది.

నేను దిగలేదు. సాకులు చాలా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులు, ఈత రాదు, నీళ్ళల్లో కరెంటు ఉంటుందేమోనన్న భయం. అవన్నీ నిజమే. కానీ ఫోనులో సాయం అడిగినప్పుడు కూడా "వెనక గదిలో మనిషి ఉన్నాడు" అనలేదు. "మా ఇంట్లోకి నీళ్ళు వచ్చాయి" అని మాత్రమే అన్నాను. ఇంటావిడ నా చేతిలోంచి ఫోను లాక్కునేలోగా లైను కట్టయింది. ఆమె నా ముఖం చూసిన చూపు ఇప్పటికీ నన్ను వదలదు.

కర్ర చప్పుడు ఆగిపోయింది. అప్పుడు విజిలు వినిపించింది.

పడవ మా గల్లీలోకి మలుపు తిరిగింది. ఆయన ముందు కూర్చున్నాడు, వెనక ఇద్దరు పనివాళ్ళు. మా ముందు గేటు దగ్గర ఆగనే లేదు. తిన్నగా పక్క సందులోంచి వెనక్కి పోయి, పెరటి గేటు విరగ్గొట్టి, నీళ్ళల్లోకి దూకాడు. ముసలాయన్ని నులక మంచంతో సహా ఎత్తి పడవ అంచు మీదికి జరిపారు. ఆ నేతగాడి చేతిలో కర్ర ఇంకా ఉంది. అప్పటికే నీళ్ళు ఆయన గడ్డం దాకా వచ్చాయి, గడ్డం నుంచి బురద కారుతోంది. బతికే ఉన్నాడు.

పడవ మా మెట్ల పక్క నుంచి పోతుంటే నేను ఉండబట్టలేక అడిగాను. "మీకెట్లా తెలిసిందయ్యా?"

"ఎర్ర షీటు సార్," అన్నాడు. "తీగె మీద ఆరేసి ఉండె. చంటిపిల్లలు లేరంటిరి." వెంటనే తల పైకెత్తి, "అమ్మా, సంపు నీళ్ళు తాగకుండ్రి. కాగబెట్టినా గూడ తాగకుండ్రి," అని మా ఆవిడకు చెప్పి పోయాడు.

పక్క తడవకుండా మంచం మీద వేసే ఎర్ర రబ్బరు షీటు. చంటిపిల్లలున్న ఇంట్లో ఉంటుంది, మంచం పట్టినవాళ్ళున్న ఇంట్లో ఉంటుంది. ఇన్నేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి, నాకు తట్టలేదు.

కథ ఇక్కడితో అయిపోతే ఇంత కోపం ఉండేది కాదు.

ఆ పొద్దున ఆఫీసు దగ్గరున్న రెండు పడవల్లో ఒకటి అప్పటికే వేరే బస్తీకి పోయింది. రెండోదాన్ని పదవిలో ఉన్న ఒక పెద్దాయన ఎక్కి వరద చూడటానికి ఆపి ఉంచారు. కెమెరాల వాళ్ళు గొడుగుల కింద తయారుగా ఉన్నారు. మా గీత సారు ఎవరినీ అడక్కుండా ఆ పడవ తీసుకుని మా గల్లీకి వచ్చాడు. పెద్దాయన మెయిన్ రోడ్డు మీద చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. ఆ ఫోటో అందరి ఫోన్లలోకీ పోయింది. వారం తిరక్కుండానే మెమో వచ్చింది. పై అధికారుల ఆదేశం లేకుండా, రికార్డుల్లో ఎవరూ లేని గదికి పడవ తీసుకుపోయి, గేటు పగలగొట్టి, అత్యవసర సామగ్రిని దుర్వినియోగం చేశాడట.

విచారణకు ఒక అధికారి మా ఇంటికి వచ్చాడు. చాయ్ తాగాడు. బిస్కెట్టు తిన్నాడు. చాలా సౌమ్యంగా అడిగాడు.

"మాస్టారూ, ఆ వెనక గదిలో ఎవరైనా ఉంటున్నారా? ఉంటే ఆ గది ఎప్పుడు కట్టారు, పర్మిషన్ కాగితం ఉందా, అది కూడా రాయాల్సి వస్తుంది. లేకపోతే లేదని ఒక్క ముక్క రాసివ్వండి, చాలు."

రాసిచ్చాను. 'సదరు గది గృహోపకరణములు భద్రపరచుటకు ఉద్దేశించినది. అందు ఎవరును నివసించుట లేదు.' ఒక్క అచ్చుతప్పు లేదు. అధికారి నా చేతిరాత మెచ్చుకుని కాగితం మడిచి ఫైల్లో పెట్టుకున్నాడు. పడవలో వచ్చిన ఇద్దరినీ ఎవరూ అడగలేదు. వాళ్ళూ కాంట్రాక్టు వాళ్ళే. ముసలాయనా ఆయన భార్యా అప్పటికే పరకాలలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. ఏ గదిలోంచి ఎవరిని తీసుకొచ్చావో చెప్పమని గీత సారును అడిగితే, "ఒక మనిషిని తీసుకొచ్చిన, అంతే" అన్నాడట. అంతకుమించి నోరు విప్పలేదట. అప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది, ఆ వెనకే హాయి కూడా కలిగింది. ఆ హాయిని తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు కంపరమెత్తుతుంది.

కొన్నాళ్ళకు వరదల్లో సేవ చేసినవారికి సన్మానం అన్నారు. స్టేజీ మీద వరసగా కుర్చీలు. పాదం తడవనివాళ్ళందరికీ శాలువాలు కప్పారు. బిస్కెట్ పొట్లాలు పంచి ఫోటో దిగినవాడికి శాలువా, వరద మీద పాట కట్టినవాడికి శాలువా. 'సంపూర్ణ సహకారం అందించిన కాలనీ సంఘం అధ్యక్షుడికి' శాలువా, అంటే నాకు. వంగి కప్పించుకున్నాను. వంగినప్పుడు హాలు చివర వెనక తలుపు దగ్గర ఆయన నిలబడి ఉండటం కనిపించింది. తలుపు గడియ తీసి ఉంది.

కార్యక్రమం అయ్యాక భోజనాల వైపు పోతుంటే ఎదురొచ్చాడు. నేను రాసిచ్చిన కాగితం అప్పటికి ఆయనకు చూపించారని నాకు తెలుసు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే ఎంత బాగుండేది.

"సార్, ముసలాయన మంచిగున్నడు. పరకాల్ల బిడ్డ దగ్గర ఉన్నడు. మీకు చెప్పుదామని ఆగిన."

నేనేమన్నానో చెప్పనా? "మంచిది" అన్నాను. శాలువా సర్దుకుని పోయి భోజనం చేశాను.

కాంట్రాక్టు ఉద్యోగం తీసేయాలంటే తీసేయక్కర్లేదు. గడువు అయ్యాక కొనసాగించకపోతే సరిపోతుంది. అలాగే చేశారు. ఆ తర్వాత ఆయన ఒక ఫంక్షన్ హాలు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడని విన్నాను. మరుసటి ఎండాకాలం మా గేటు మళ్ళీ తట్టాడు. మెడలో విజిలు ఉంది, కార్డు లేదు.

"మిమ్మల్ని తీసేశారు కదా, ఇంకెందుకయ్యా ఈ ఎండలో?" అన్నాను.

"తీసేసింది నన్ను సార్. నాలాను తియ్యలే గదా," అన్నాడు. "వెనుక గదిల ఎవలన్న ఉన్నరా ఇప్పుడు?"

"ఎవరూ లేరు. నిజంగానే లేరు."

"మంచిది సార్," అన్నాడు. అంటూనే పెరట్లో తీగ వైపు ఒకసారి చూసి పోయాడు. నాకు రోషం వచ్చింది. నా మాట నమ్మలేదని, నాకు, రోషం.

పెయింటరు చెప్పిన నాటి సాయంత్రం ఇల్లు కనుక్కుని వెళ్ళాను. సుబేదారి వెనక సందుల్లో రెండో అంతస్తు, ఒకటే గది. మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చింది. ఆయన భార్య కుర్చీ వేసి నీళ్ళిచ్చింది.

"కింద ఇల్లు దొరికినా వద్దనెటోడు సార్," అంది. "నీళ్ళొస్తె మందిని తీసుడే అయితది, మనల్ని ఎవలు తీస్తరే అనెటోడు."

నేనెవరో చెప్పాను. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. లేచి అలమారలోంచి పాలిథిన్ కవరు తెచ్చి, విప్పి, పుస్తకం తెరిచి నా ముందు పెట్టింది. ఏ పేజీయో ఆమెకు ముందే తెలుసు. మా ఇంటి నంబరు. దాని కింద పెన్సిలుతో రాసి ఉంది: 'వెనుక గది. ఎవరూ లేరు, ఓనరు మాట. తీగె మీద ఎర్ర షీటు. ఒకరున్నరు. ముందు ఈడికే.'

"ఆఫీసుల అడిగిండ్రు సార్," అంది. "పుస్తకం సూపియ్యి, ఆ గదిల మనిషి ఉన్నట్టు ముందుగాల్నే రాసి ఉంటె నీ తప్పేం లేదని మెమో వాపస్ తీసుకుంటమని. ఇయ్యనన్నడు. నేను కాళ్ళ మీద వడ్డ. పిల్లలు చదువుకుంటాన్రు, ఇచ్చెయ్యి అన్న."

"ఎందుకివ్వలేదమ్మా?"

"ఇస్తె సారు గది ఒక్కటే పోదే, గీ పుస్తకంల ఉన్న గదులన్ని కూలగొడ్తరు అన్నడు. కట్టుడు తప్పే, కూలగొట్టుడు మంచిదే, అది వాళ్ళు జూసుకుంటరు. గని నా పుస్తకంలకెళ్ళి పోయిందని తెలిస్తె మల్ల ఎండకాలం నాకు తలుపెవలు తీస్తరు, మంచంల వడ్డోళ్ళను ఎవలు సూపిస్తరు, అన్నడు. జేబు దాటదని అందరికి మాటిచ్చిన అన్నడు."

పుస్తకం మూసి, "అబద్ధం రాసిచ్చింది నేనేనమ్మా," అన్నాను.

"తెలుసు సార్," అంది. చీర కొంగుతో పుస్తకం అట్ట తుడిచింది. "ఇది ఇప్పుడు ఎవలకియ్యాలె సార్? పారేద్దామంటె మనసు వస్తలేదు."

నేను తీసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే కొత్త కాగితం రాసుకుని ఆఫీసుకు పోయాను. ఆ గదిలో నడవలేని మనిషి ఉండేవాడని, గది నాలా మీద కట్టానని, నేను అబద్ధం చెప్పానని, మెమో రద్దు చేయాలని. ఈసారి మామూలు తెలుగులోనే రాశాను. బల్ల మీద కాగితం పెట్టి, దాని మీద నాకు కప్పిన శాలువా పెట్టాను. గుమాస్తా రెండూ చూశాడు.

"మనిషే లేడు గద సార్. ఫైల్ క్లోజ్ అయింది. ఇంకేం రద్దు చేస్తం?"

"మరి నా గది? అది నాలా మీద ఉందని రాశాను చూడు."

"అది వేరే సెక్షన్ సార్. ఈ శాలువా తీసుకపోండ్రి, ఇది వాపస్ తీసుకొనుడు మా దగ్గర లేదు. మంచిగ వచ్చిండ్రు గని, మల్ల సన్మానం పెడ్తాన్రు, మీ ఫోటో ఒకటి ఇయ్యిండ్రి, ఫ్లెక్సీల ఏస్తరు."

అరిచాను. ఆఫీసంతా లేచి నిలబడేలా అరిచాను. ఆయన ఫోటో వేయండి, మీ దగ్గర లేకపోతే నేను తెచ్చిస్తాను, తాడు పట్టుకుని నీళ్ళల్లో దిగినవాడిది వేయండి, ఒడ్డున నిలబడ్డవాళ్ళవి ఎన్నిసార్లు వేస్తారు అని అరిచాను. ఎవరో కుర్చీ వేశారు. ఎవరో మంచినీళ్ళిచ్చారు. "బీపీ పెరుగుతది సార్, కూసోండ్రి" అన్నారు. అంత మర్యాద! ఆ మర్యాద నాకు బాగా తెలిసిందే. లేచి వచ్చేశాను, శాలువా అక్కడే వదిలేశాను.

ఆ వారమే పెయింటరు ఇద్దరు కూలీలను పిలుచుకొస్తే వెనక గది కూలగొట్టించాను. గీత చుట్టూ రంగు వేయించాను గానీ గీత మీద పడనివ్వలేదు. సంఘం సెక్రటరీ వచ్చి తీర్మానం గుర్తు చేశాడు. ఆ తీర్మానం చించి పారేయమన్నాను.

ఇప్పుడు ఎండాకాలం. నిన్న టోపీ పెట్టుకుని, పుస్తకం జేబులో వేసుకుని, పెన్సిలు చెక్కుకుని బయల్దేరాను. మొదటి ఇంట్లో తలుపు తీయలేదు. రెండో ఇంట్లో మజ్జిగ ఇచ్చారు, నిజం చెప్పారు. మూడో ఇల్లు నా పాత శిష్యుడిది. బ్యాంకులో పనిచేస్తాడు, హెల్మెట్ చేత్తో పట్టుకుని బయటికి వస్తున్నాడు.

"నమస్తే సార్! మీరేంది గీ ఎండల?"

గడప చూశాను. బోర్డు చూశాను. తర్వాత అడిగాను.

"మీ ఇంట్ల నడువరానోళ్ళు ఎవరన్న ఉన్నరా?"

వాడి ముఖం మాడిపోయింది. "ఎవ్వరు లేరు సార్. పొద్దుపొద్దున గదేం మాట?"

"నా జేబు దాటదురా."

"లేరంటాన్న గద సార్."

కాంపౌండు గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీ ఒకటి కడిగి ఎండలో పెట్టి ఉంది. కూర్చునే చోట గుండ్రంగా కోసి ఉంది. మరుగుదొడ్డి దాకా నడవలేని వాళ్ళ కోసం అలా కోస్తారు. వాడి చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. చెయ్యి లేవలేదు. వాడు సరిగ్గా నా గొంతుతోనే మాట్లాడాడు.

"మంచిది," అని గేటు బయటికి వచ్చి, గోడ నీడలో నిలబడి పుస్తకం తీశాను. ఇంటి నంబరు వేసి పెన్సిలుతో రాశాను: 'ఎవరూ లేరు, ఓనరు మాట. గోడ పక్క కోసిన కుర్చీ. ఒకరున్నరు.' కింద 'ముందు ఈడికే' అని రాయబోతుంటే చెయ్యి ఆగింది. ఎవరొస్తారు ముందు ఇక్కడికి? మెట్ల కింద బల్ల ఖాళీగా ఉంది. విజిలు ఆయనతోనే పోయింది. నాకు ఈత రాదు.

అయినా రాశాను. రాసి, పక్కింటి గేటు తట్టాను.